ర్యాంప్: వేరు వదిలి కోసే అడవి ఉల్లి

ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో, ముఖ్యంగా అపలాచియా కొండల్లో, మంచు కరిగాక తొలివిడతగా చేతికందే ఆకుకూర ర్యాంప్. ఉల్లి, వెల్లుల్లి జాతిదే. శాస్త్రీయ నామం ఆలియం ట్రైకాకమ్. క్యూబెక్ నుంచి జార్జియా దాకా మేపుల్, బీచ్ చెట్ల కింద, తేమ వీడని నల్లమట్టిలో గుంపులు గుంపులుగా పెరుగుతుంది. చెట్లు చిగురించి నీడ కమ్మేలోపే దాని పని అయిపోవాలి. మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో ఆకు వేస్తుంది, ఆ కొద్ది వారాల ఎండతోనే గడ్డలో ఆహారం దాచుకుంటుంది, వేసవి మొదలయ్యేసరికి ఆకు పండిపోతుంది. ఆ తర్వాత ఆకుల్లేని కాడ మీద తెల్లని పూలగుత్తి నిలుస్తుంది. విత్తనం మొలవడానికే ఏడాదో ఏడాదిన్నరో పట్టవచ్చు; మొలిచినది తిరిగి విత్తనం కట్టడానికి మరో ఐదు నుంచి ఏడేళ్లు. దీన్ని జాగ్రత్తగా కోసే పద్ధతులు ఈ నిదానం వల్ల పుట్టినవే.

ఒక్కో గడ్డకు రెండు మూడు ఆకులే వస్తాయి. అవి ఉల్లికాడల్లా గొట్టాలు కావు; రెండు మూడు వేళ్ల వెడల్పున, నున్నగా, మెత్తగా ఉండి కింద సన్నని తొడిమగా మారతాయి. తొడిమ మామూలుగా ముదురు ఎరుపు. సన్నాకు రకంలో మాత్రం తెల్లగానే ఉంటుంది. మట్టిలో చిన్న తెల్లగడ్డ. ఆకు నలిపితే ఉల్లి, వెల్లుల్లి కలిసిన ఘాటు ముక్కుకు తగులుతుంది.

ఆ వాసన తప్పనిసరి గుర్తే గానీ, అదొక్కటే చాలదు. పది ఆకులు కోసిన వేళ్లకు ఘాటు అంటుకుని ఉంటుంది. పదకొండోది విషపు ఆకైనా ఉల్లి వాసనే వేస్తున్నట్టు తోస్తుంది. అందుకే కొత్తవాళ్లు ముందు రూపం చూసి, తర్వాతే వాసన చూడడం మంచిది. ఎక్కువగా పొరబడేది లిల్లీ ఆఫ్ ది వ్యాలీతో. దాని ఆకులూ జంటగానే వస్తాయి, కానీ ఒకదాన్నొకటి చుట్టుకుని ఒకే కాడ నుంచి లేస్తాయి, కాస్త బిరుసుగా ఉంటాయి. నేలలో గడ్డ ఉండదు, పాకే వేరుకాండం ఉంటుంది. అందులోని గ్లైకోసైడ్లు గుండె లయను దెబ్బతీస్తాయి. రెండోది ఫాల్స్ హెల్లెబోర్. దాని ఆకు మీద కుచ్చిళ్లలా లోతైన మడతలు, ఆకులన్నీ ఒక లావుపాటి కాడ చుట్టూ మెట్లుగా. తింటే వాంతులు, రక్తపోటు పడిపోవడం. సన్నాకుల అడవి ఉల్లి రకాలను ఏరేవారికి డెత్ కామస్ మరో గండం: గడ్డ అచ్చం ఉల్లిలాగే ఉంటుంది, వాసన మాత్రం ఉండదు.

తెలుగు నేలమీద అడవి ఉల్లి, నక్క ఉల్లి అని పిలిచే గడ్డకూ ఈ ర్యాంప్‌కూ సంబంధం లేదు. అది ఉల్లి జాతే కాదు; దానిలోనూ గుండెకు చేటు చేసే గ్లైకోసైడ్లే ఉన్నాయి.

కోతలో రెండు తీరులు. గుంపును పెళ్లగించి గడ్డలతో సహా తెచ్చేయడం ఒకటి. సంతల్లో అమ్మకం పెరిగాక అడవులు బోడులైంది దీనితోనే. చెరోకీ ఆదివాసుల పాత పద్ధతి వేరు: గడ్డ అడుగున వేర్లున్న భాగాన్ని మట్టిలోనే వదిలి పైది కోస్తారు, అది మళ్లీ చిగురిస్తుంది. ఒక్కో మొక్కకు ఒక్క ఆకే తెంపి గడ్డను ముట్టకపోవడం ఇంకా మేలు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో జరిగిన పరిశోధన, ఒక గుంపులో పదో వంతుకు మించకుండా, అదీ పదేళ్లకోసారి తవ్వితేనే మొక్క నిలుస్తుందని తేల్చింది. క్యూబెక్ 1995లోనే అమ్మకాన్ని నిషేధించి, సొంత వాడకానికి మనిషికి ఏడాదికి 50 గడ్డలే అని హద్దు పెట్టింది.

వంటలో ఆకుదీ గడ్డదీ వేర్వేరు మర్యాద. గడ్డను ముందు వేయించాలి, ఆకును దించే ముందు వేయాలి. ఆకు నిమిషంలో వాడిపోతుంది, ఎక్కువసేపు ఉంచితే ఘాటు చచ్చి వట్టి పీచు మిగులుతుంది. కొండ ఇళ్లలో మూకుడులో పంది కొవ్వు కరిగించి, బంగాళాదుంప ముక్కలు ఎర్రబడ్డాక తరిగిన గడ్డలు, చివర ఆకులు వేసి, కొందరు గుడ్లు కొట్టి కలుపుతారు. పక్కన ఉడికించిన పింటో బీన్స్, మొక్కజొన్న రొట్టె. చలికాలమంతా ఎండబెట్టిన సరుకులతో గడిపిన ఇళ్లకు విటమిన్ సి ఉన్న ఈ పచ్చి ఆకు ఒకప్పుడు మందుతో సమానం.

పచ్చిగా తింటే వాసన మర్నాటికీ వదలదు. ర్యాంప్ తిని బడికొచ్చిన పిల్లల్ని ఇంటికి పంపేసిన ముచ్చట్లు అక్కడ కొల్లలు. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో ఏటా ర్యాంప్ విందు జరుగుతుంది. ఆ ఊరి పత్రికా సంపాదకుడు జిమ్ కామ్‌స్టాక్ ఒకసారి అచ్చు సిరాలో ర్యాంప్ రసం కలిపి సంచిక వేశాడు. ఆ కంపు భరించలేక తపాలా శాఖ ఆయన్ను మందలించింది.

పంటకాలం కొద్ది వారాలే కనుక నిల్వ పద్ధతులూ ఉన్నాయి. గడ్డల్ని వెనిగర్‌లో ఊరవేస్తారు. ఆకును ఉప్పుతో నూరి ఆరబెడితే ఏడాదంతా వాడుకునే ఉప్పు తయారవుతుంది. వెన్నలో కలిపి గడ్డకట్టించినా బాగుంటుంది. నూనెలో నూరిన ముద్దను మాత్రం ఊరగాయలా గదిలో పెట్టకూడదు: పులుపు లేక, గాలి తగలక బాట్యులిజం కలిగించే సూక్ష్మజీవి అందులో పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయాలి, లేదా ఫ్రీజర్‌లో దాచాలి.