చుక్కలు అక్షరాలయ్యే చోటు
బ్రెయిలీ నోట్‌టేకర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తెర తగిలించి, పిల్ల నొక్కిన చుక్కలను చూపున్న టీచరు ముందు అక్షరాలుగా నిలబెట్టడం చిన్న పనిలాగే కనిపిస్తుంది. కాదు. 1, 3 చుక్కలు ఇంగ్లిషులో కె, భారతీయ భాషల భారతి బ్రెయిలీలో మన క. భాష సెట్టింగు తప్పితే పిల్ల సరిగ్గా రాసిన తెలుగు కూడా తెరమీద అర్థంలేని ఇంగ్లిషవుతుంది, నింద పిల్లమీద పడుతుంది. అది ముందే సరిచూసే రిసోర్సు టీచరుదే అసలు పనితనం. సబ్జెక్టు టీచర్లే బ్రెయిలీ నేర్చుకోవచ్చుగా అంటారు. నేర్చుకుంటే మేలే, కానీ అందాకా పాఠం ఆగదుగా! పైగా ‘నీరు’లో 3, 5 బదులు 2, 4 పడి ‘నిరు’ అయితే, టీచరు తెర చూసి, పిల్ల వేళ్లు మీటలమీద ఉండగానే చెప్పొచ్చు. ఇలా చూడడం నిఘా అన్న మాటలోనూ నిజముంది. అందుకే కేబుల్ ఎక్కడ ఊడదీయాలో పిల్లకే తడిమించి చూపించాలి.