బూటు కరిచే చోటు

కొత్త చెప్పు కరుస్తుందన్న మాట వినని తెలుగిల్లు ఉండదు. చెప్పు కరిస్తే వేలి సందునో, పట్టీ కిందో కరుస్తుంది. రెండు రోజులు పక్కన పెడితే తగ్గిపోతుంది. కొండల్లో వాడే ట్రెకింగ్ బూటు కరిచే చోటు వేరు. మడమ వెనక, చీలమండకు కొంచెం కింద, ఎముక గుండ్రంగా ఉబికి ఉండేచోట పట్టుకుంటుంది. వీపున పదిహేను కిలోల రక్‌శాక్, ముందు నాలుగు రోజుల దారి ఉన్నప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టడం కుదరదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్తకాళ్లతో ఎక్కే భక్తులకు అరికాళ్లు మండుతాయి, పిక్కలు పట్టేస్తాయి, మడమ వెనక పొక్కు మాత్రం లేవదు. అది పాదరక్ష తెచ్చే జబ్బు. అందుకే పాదరక్షను ఎంచుకునే దగ్గరే దాన్ని చాలావరకు తప్పించవచ్చు.

పొక్కు రాపిడి వల్ల వస్తుందంటారు. అది సగం నిజమే. పైపైన రాసుకుంటే చర్మం గీరుకుపోతుంది. పొక్కు పుట్టేది చర్మం లోపల. ఎడమచేతి వెనకవైపు కుడిచేతి చూపుడువేలిని గట్టిగా ఆనించి, వేలు జారకుండా ముందుకూ వెనక్కూ కదిపి చూస్తే సంగతి తెలుస్తుంది. వేలితో పాటు చర్మం కదులుతుంది, కింద ఎముక ఉన్నచోటే ఉంటుంది. రెంటి మధ్యా ఉన్న పొరలు సాగుతాయి. బూటులో జరిగేది దీనికి తిరగేసిన పని. చెమటకు తడిసిన చర్మం మేజోడుకు అతుక్కుంటుంది, మేజోడు బూటు లోపలి గుడ్డను పట్టుకుంటుంది, మడమ ఎముక మాత్రం అడుగు అడుగుకూ పైకి లేచి కిందికి దిగుతుంది. రోజుకు పదిహేను కిలోమీటర్లు నడిస్తే ఒక్కో కాలు సుమారు పదివేల సార్లు ఈ పని చేస్తుంది. చివరికి బాహ్యచర్మం లోపలే ఒక పొర చీలిపోతుంది, ఆ ఖాళీలోకి నీరు ఊరుతుంది. మడమ దగ్గర చర్మం మందంగా ఉండి కిందికి గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి పైపొర ఊడి రాదు, బుడగలా లేచి నిలబడుతుంది.

ఇందులో బరువు పాత్ర పెద్దది. వీపు మీద మూట ఉంటే పాదం నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, కొన్ని మిల్లీమీటర్లు పొడవూ సాగుతుంది. ఎక్కేటప్పుడు పిక్క కండరం మనిషితో పాటు మూటనూ పైకి నెట్టాలి. అలా నెట్టిన ప్రతిసారీ మడమ బూటులోంచి లేవబోతుంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు, గోళ్లు దెబ్బతింటాయి. అంటే మడమ పొక్కు ఎక్కుడు దారిలోది, నల్లబడిన గోరు దిగుడు దారిలోది. ఎక్కడ నొప్పి పుట్టిందో చూస్తే బూటులో లోపం ఎక్కడుందో చెప్పవచ్చు.

షాపులో బూటు అడిగేవాళ్లు మొదట అడిగేది నీళ్లు లోపలికి వస్తాయా అని, తర్వాత చీలమండ పైదాకా ఉందా అని. మడమ సంగతి అడిగేవాళ్లు అరుదు. నిజానికి ఎంపిక మొదలవ్వాల్సింది వెనక నుంచే. బూటు వెనకభాగంలో గట్టి ప్లాస్టిక్‌తోనో దళసరి తోలుతోనో చేసిన గిన్నెలాంటి భాగం ఉంటుంది, దాన్ని హీల్ కౌంటర్ అంటారు. రెండు వేళ్లతో నొక్కినప్పుడు అది సొట్టపడకూడదు. అంతకన్నా ముఖ్యం, ఆ గిన్నె ఆకారం కాలి మడమ ఆకారంతో కలవాలి. సన్నని మడమ వెడల్పు గిన్నెలో పడితే ఎంత బిగించినా ఆడుతూనే ఉంటుంది. కొందరికి మడమ వెనక ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది. వాళ్లకు గట్టి గిన్నె పై అంచు సరిగ్గా ఆ బుడిపె మీదే ఆనుతుంది. అలాంటివాళ్లు లోపల మెత్త బాగా ఉన్నదీ, అంచు కాస్త వెనక్కి వాలినదీ వెతుక్కోవాలి. చీలమండ పైకి వచ్చే ఎత్తు రాళ్ల దెబ్బల నుంచి కాపాడుతుంది, బురద లోపలికి రాకుండా చూస్తుంది. మడమను పట్టి ఉంచే పని మాత్రం గిన్నెది, పాదం వంపు దగ్గర బిగిసే లేసుది.

మన పాదాలతో ఒక చిక్కు ఉంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా మనుషుల పాదాలు కొలిపించింది. భారతీయుల పాదాలు ముందుభాగంలో వెడల్పని ఆ కొలతల్లో తేలింది. ‘భా’ పేరుతో దేశీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించడానికి అదే ఆధారం. ఇప్పటికీ షాపుల్లో దొరికే ట్రెకింగ్ బూట్లలో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికా పాదాల అచ్చుల మీద కుట్టినవే. వేళ్లు ఇరుకనిపిస్తే మనవాళ్లు ఒక సైజు పెంచుతారు. బ్రిటిష్ సైజుల్లో ఒక అంకె పెరిగితే పొడవు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, గిన్నె కూడా దానితో పాటే పెద్దదవుతుంది. వేళ్లకు చోటు దొరికింది, మడమకు పట్టు పోయింది. హిమాలయాల్లోని కేదార్‌కంఠా ట్రెక్ దారిలో మడమలకు ప్లాస్టర్లు వేసుకుని కుంటేవాళ్ల బూట్లు చూస్తే ఈ పొరపాటే ఎక్కువ కనిపిస్తుంది. దీనికి సరైన విరుగుడు అదే సైజులో వెడల్పు రకం అడగడం. అది దొరక్కపోతే వేరే కంపెనీ అచ్చు చూడాలి. సైజు పెంచడం ఆఖరి మార్గం.

బూటు అడుగు ఎంత గట్టిగా ఉండాలన్న దగ్గర ఎవరి మాట వాళ్లదే. బరువు మోస్తూ రాళ్ల మీద నడిచేవాళ్లకు గట్టి అడుగే మేలు, పాదం అలసిపోదు. కాకపోతే గట్టి అడుగు పాదంతో పాటు వంగదు. పాదం వేళ్ల మొదళ్ల దగ్గర మడత పడుతుంది, బూటు చెక్కలా ఉంటుంది, మడమ లోపల లేస్తుంది. మంచి బూటుకు ముందుభాగం పడవ మొనలా పైకి వంగి ఉంటుంది, నడక దాని మీద దొర్లుతుంది. ఆ వంపు లేని గట్టి బూటు మడమను కరవక వదలదు. పది పన్నెండు కిలోల మూటతో బాగా నలిగిన దారిలో వెళ్లేవాళ్లకు కొద్దిగా వంగే బూటు చాలు. భారీ తోలు బూటు ఠీవిగా ఉంటుంది కానీ, పాదానికి కట్టిన ఒక కిలో వీపున నాలుగైదు కిలోలతో సమానమని ట్రెకర్లు ఊరికే అనరు.

కొనడానికి సాయంత్రం వెళ్లాలి. అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది, ట్రెక్‌లో ఉండేదీ అలాగే. దారిలో వేసుకునే మేజోళ్లే వెంట తీసుకెళ్లాలి. మొదట బూటులోని ఇన్‌సోల్ బయటికి తీసి, నేల మీద పెట్టి దాని మీద నిలబడాలి. మడమ దాని గుంతలో సరిగ్గా కూర్చున్నాక ముందు ఒక బొటనవేలి వెడల్పు మిగలాలి, పాదం పక్కలకు పొర్లకూడదు. తర్వాత లేసు కట్టకుండా బూటు తొడిగి, వేళ్లు ముందుకు తగిలేదాకా పాదం జరిపితే మడమ వెనక ఒక వేలు దూరాలి. రెండు వేళ్లు దూరితే బూటు పొడవైనట్టు. ఇక లేసు కట్టి, రక్‌శాక్‌లో అసలు మోయబోయేంత బరువు వేసుకుని మెట్లెక్కాలి. షాపులో మూట ఎక్కడిదని మొహమాటపడక్కర్లేదు, ఇంటి నుంచే తీసుకెళ్లవచ్చు. పది కిలోల బియ్యం బస్తా, నాలుగు లీటర్ల నీళ్ల సీసాలు కలిపితే పద్నాలుగు కిలోలు. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వాలి. ఉత్త వీపుతో తివాచీ మీద నాలుగడుగులు వేసి కొన్న బూటు కొండ మీద ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. మెట్ల మీద మడమ నాలుగైదు మిల్లీమీటర్లు లేస్తే కంగారు అక్కర్లేదు, కొత్త అడుగు కాస్త వంగాక అది తగ్గుతుంది. కంటికి స్పష్టంగా కనిపించేంత లేస్తే ఆ జత వదిలేయాలి. వాడగా వాడగా అదే సర్దుకుంటుందన్న సేల్స్‌మన్ మాట తోలు విషయంలో కొంత నిజం. గట్టి ప్లాస్టిక్ గిన్నె మాత్రం పదేళ్లయినా సర్దుకోదు.

లేసు కట్టడం కొనడంతో సమానమైన పని. బూటు తొడిగాక కాలిని కొంచెం ఎత్తి మడమతో నేలను రెండుసార్లు తట్టాలి, మడమ గిన్నె అట్టడుగుకు చేరుతుంది. వేళ్ల వైపు లేసును వదులుగా ఉంచి, పాదం చీలమండ వైపు తిరిగే వంపు దగ్గర రెండు కొసలనూ ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు మెలిపెట్టి గట్టిగా లాగాలి. మామూలుగా ఒక మెలికే వేస్తారు, రెండోది వేస్తే లేసు జారదు. అక్కడ పడిన బిగువు పైకీ కిందికీ పోకుండా నిలుస్తుంది. పై కొక్కేలకు తర్వాత కొంచెం వదులుగానే కట్టవచ్చు. కొక్కేలు లేకుండా రంధ్రాలే ఉన్న బూట్లకు ఇంకో పద్ధతి ఉంది. చివరి రంధ్రంలోకి లేసును అదే వైపు నుంచి దూర్చి చిన్న ఉచ్చు వదలాలి, రెండో వైపూ అలాగే చేసి, ఒక్కో కొసను ఎదుటి ఉచ్చులోంచి తీసి కిందికి లాగితే మడమ వెనక్కి నొక్కుకుంటుంది. ఎక్కుడు మొదలయ్యే ముందు ఒకసారి, దిగుడు మొదలయ్యే ముందు ఒకసారి లేసు విప్పి మళ్లీ కట్టుకునేవాళ్లు అనుభవజ్ఞులు.

మేజోళ్లలో నూలువి పనికిరావు, తడిని పట్టి ఉంచుతాయి. మెరీనో ఉన్ని మంచిది. లోపల సన్నని పాలిస్టర్ జత, పైన దళసరి జత వేసుకుంటే కదలిక రెండు మేజోళ్ల మధ్య జరిగి, చర్మం మీద లాగుడు తగ్గుతుంది. రెండు జతలు వేసుకునేవాళ్లు ఆ రెంటితోనే బూటు కొలత చూసుకోవాలి. చెమట ఎంత పని చేస్తుందో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల విద్యార్థుల మీద చేసిన పరీక్షలో తెలిసింది. 21 కిలోమీటర్ల నడకకు ముందు కొన్ని రోజులు పాదాలకు చెమట తగ్గించే మందు రాసుకున్నవాళ్లలో 21 శాతానికి పొక్కులు లేస్తే, రాసుకోనివాళ్లలో 48 శాతానికి లేచాయి. 1998లో వచ్చిన ఆ నివేదికలోనే మందు రాసుకున్నవాళ్లలో సగం మందికి పైగా చర్మం మండిందని కూడా ఉంది, కాబట్టి అది అందరికీ పనికొచ్చే ఉపాయం కాదు. నీరు చొరని పొర ఉన్న బూట్లు మంచులో వరం. ఎండలో మాత్రం చెమటను లోపలే నిలిపి పొక్కుకు దోహదం చేస్తాయి.

కొన్న బూటును మొదట ఇంట్లోనే, నేల మురికి అంటకుండా వారం తొడిగి తిరగాలి. నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలుంటుంది. తర్వాత అపార్ట్‌మెంట్ మెట్లు, ఆపైన మూటతో మెట్లు, ఆఖరికి ఒక ఆదివారం దగ్గరలోని గుట్ట. బేస్ క్యాంపు ఊళ్లలో అద్దెకిచ్చే బూట్లకు ఈ అవకాశం లేదు. పైగా వాటి లోపలి మెత్త అప్పటికే వేరేవాళ్ల మడమలకు నలిగి చిరిగి ఉంటుంది. మంచు మీద తొడిగే క్రాంపాన్లు అద్దెకు తీసుకోవచ్చు, బూట్లు వద్దు.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి దారిలో మడమ వేడెక్కుతుంది. పొక్కు లేవడానికి ముందు వచ్చే గుర్తు అదే. వచ్చే మలుపు దాకా ఆగకుండా అక్కడే కూర్చుని, చర్మం తుడిచి ఆరనిచ్చి, మెడికల్ షాపుల్లో దొరికే మామూలు పేపర్ టేపు ముడత లేకుండా అంటించాలి. స్టాన్‌ఫర్డ్ వైద్యులు అల్ట్రామారథాన్ పరుగువీరుల మీద చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో ఈ చవక టేపే పొక్కులను 40 శాతం తగ్గించింది. లేచిన పొక్కు మీద చర్మాన్ని పీకకూడదు. 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ కొడుకు మేజోళ్లు లేకుండా టెన్నిస్ ఆడి, కాలివేలి మీద లేచిన పొక్కుకు చీము పట్టి, పదహారేళ్ల వయసులో చనిపోయాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఇప్పుడు ఉన్నా, షుగర్ ఉన్నవాళ్లకు పాదాల స్పర్శ తగ్గి మడమ వేడెక్కిన సంగతే తెలియకపోవచ్చు. వాళ్లు నొప్పిని నమ్ముకోకుండా, ఆగిన ప్రతిచోటా బూటు విప్పి మడమను కంటితో చూసుకోవాలి.