సిన్సియర్‌గ రాసిన సార్

మా గల్లీ డిగ్రీ పిల్లగాడు ఈ వారం బ్యాంకు మేనేజర్‌కు రాసిన దరఖాస్తు తెచ్చి చూడమన్నాడు. పైన 'డియర్ సర్', కింద 'యువర్స్ సిన్సియర్లీ'. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా ఛాదస్తం కొత్తేం కాదు. 'సర్' అని మొదలుపెడితే ఆఖర్న 'ఫెయిత్‌ఫుల్లీ', పేరు పెట్టి రాస్తేనే 'సిన్సియర్లీ' అని రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ కాలపు పాఠం అందుకున్నాను. సర్కారు దఫ్తర్లలో మామూలు లేఖకు మొదటిది, అధికారి అధికారికి పేరుతో రాసే డీఓ లెటర్‌కు రెండోది. అమెరికా వాళ్లకు ఈ గోల లేదు, చాలా ఉత్తరాలకు సిన్సియర్లీతోనే సరి.

అంతా విని, "నేను సిన్సియర్‌గనే రాసిన గద సార్!" అన్నాడు.

అతని ఉద్దేశం కొట్టివేతల్లేకుండా రాశానని, జిరాక్సులన్నీ జత చేశానని. నిఘంటువు చెప్పే అర్థం నటన లేని మనసుతో అని. మనకు మనసుతో పనిలేదు. "సిన్సియర్‌గ సదువుతుండు" అంటే పుస్తకం వదలట్లేదని. సిన్సియర్ ఎస్సై అంటే పైసలు ముట్టనివాడు. చివరికి "సిన్సియర్‌గ లవ్ జేస్తున్న" అన్నా పెళ్లిదాకా వస్తానని హామీయే!

ఆ మాట పుట్టుక గురించి ఇంగ్లిష్ సార్లు ఓ కథ చెప్పేవారు: రోమ్ శిల్పులు పగుళ్లను మైనంతో కప్పేవారట, మైనం పూయని బొమ్మే సిన్సియర్ అట. భాషా పండితులు దీన్ని ఒప్పుకోరు. లాటిన్‌లో 'సిన్సెరస్' అంటే స్వచ్ఛమైనది, కల్తీ లేనిది, అంతే. కథ అబద్ధమైనా నాకు ఇష్టం, లోపం దాచని పనే సిన్సియర్ అంటుంది గనక. సిద్దిపేట గొల్లభామ చీర చూడండి. దానిమీది గొల్లభామ బొమ్మ అచ్చు కొట్టింది కాదు, మగ్గం మీద పోగు పోగు కలిపి నేసింది. లెక్క తప్పితే నెత్తిమీది కుండ వంకరపోతుంది. నేతగాడి మనసులో ఏముందో ఎవరికెరుక, పనిలో సిన్సియారిటీ మాత్రం చీర విప్పగానే తెలుస్తుంది.

అసలు ఇంగ్లిష్ వాళ్ల సిన్సియర్లీ ఏపాటిది? ఉద్యోగం ఇవ్వలేమని రాసి కూడా కింద అదే పెడతారు. ఆ ముద్రకన్నా మన వాడుకే నయం.

ఇంగ్లిష్ చెప్పే టీచర్లూ, ఉత్తరాల్లో నియమం తప్పక నేర్పండి. తెలుగులో మాట్లాడుతూ పిల్లలు 'సిన్సియర్‌గ' అంటే మాత్రం దిద్దకండి.