మందు కొట్టేవాడి గోడు

మిరప వేసినవాడికి పంటకాలంలో సగం పని మందు కొట్టడమే. 2021లో నల్ల తామరపురుగు దిగాక ఆ సగం ఎప్పుడో దాటిపోయింది. పూతలో దాక్కుంటుంది, మన కంటపడేసరికి చేను ముడుచుకుపోతుంది. అందుకే మా ఖమ్మం వైపు పక్క చేలో పంపు చప్పుడు వినపడితే చాలు, చూసీ చూడకుండా మనమూ డ్రమ్ము నింపేస్తాం. వారం తిరిగేలోపే మళ్లీ అదే పని. దానికెన్ని రూల్స్ ఉన్నాయో తీరిగ్గా కూర్చుని చదివేవాళ్లు మాలో తక్కువ. నేను చదివాను, చదివి ఒళ్లు మండింది.

రూల్స్ అంటే నాకు పగేమీ లేదు. 1958లో కేరళలో పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ సాగి సాగి 1968లో క్రిమిసంహారక మందుల చట్టంగా, 1971లో నిబంధనలుగా తేలింది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఆ నిబంధనల పుణ్యమే. ఎర్ర త్రికోణం ఉన్న డబ్బా పిల్లలు తిరిగేచోట పెట్టకూడదని మా ఊళ్లో అక్షరమ్ముక్క రానివాళ్లకూ తెలుసు. చూడగానే అర్థమవుతుంది, పాటించడానికి పైసా ఖర్చు లేదు. రూలంటే అలా ఉండాలి.

డబ్బాతో పాటు వచ్చే కాగితం చూడండి. మడతలు విప్పితే తువ్వాలంత, అక్షరాలు చీమతలకాయంత. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు, కాళ్లకు బూట్లు, ఒంటినిండా కోటు వేసుకోమంటుంది. భాద్రపదం ఎండలో, మోకాళ్ల దాకా బురదలో, వీపున నిండు పంపుతో ఆ వేషం వేసుకుని నాలుగు సాళ్లు తిరిగి రమ్మనండి, రాసినవాళ్లను. చెమటకు అద్దాలు మసకబారి కాలు ఎక్కడ పడుతుందో తెలీదు. మాస్కులో ఊపిరాడదు. ఎంత ఓపికున్నవాడైనా రెండు ట్యాంకులయ్యేసరికి విప్పి గట్టు మీద పడేస్తాడు. ఆ తర్వాత మామూలే. నిండు చేతుల పాత చొక్కా, మూతికి తువ్వాలు. ఆ తువ్వాలు తడిస్తే మందును ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుందని తెలుసు, తెలిసే కట్టుకుంటాం. గాలికి ఎదురు నడవకూడదని మాత్రం ఏ కాగితమూ చెప్పకముందే కళ్లమంట నేర్పింది.

2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు గట్టిగా వినపడిన ప్రశ్నల్లో ఒకటి, కోట్లూ మాస్కులూ ఎందుకు వేసుకోలేదని. నా కోపమంతా ఇక్కడే. మనిషి పోయాక తప్పు ఎవరి నెత్తిన వేయాలో తేల్చుకోవడానికే ఆ కాగితం రాసినట్టుంటుంది. కంపెనీ ‘ముందే చెప్పాం’ అంటుంది. షాపాయన ‘బిల్లిచ్చాను’ అంటాడు. వ్యవసాయ ఆఫీసు ‘శిక్షణ ఇచ్చాం, ఇవిగో సంతకాలు’ అంటుంది.

ఆ శిక్షణా చూశాను. రైతు వేదికలో బ్యానరు కట్టారు, కోటు వేసి చూపించారు, సంతకాలు తీసుకున్నారు, ఫోటో దిగాం. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, “సారూ, మా షాపులో మందులు ఇరవై రకాలున్నాయి, ఈ కోటు ఒక్కటీ లేదేం?” అన్నాడు. “నన్నేం చేయమంటావు పెద్దాయనా, సాయంత్రంలోగా ఫోటో పంపకపోతే నాకు మెమో వస్తది” అన్నాడు ఆ అధికారి. పాపం, అతని బాధ అతనిది.

గడ్డిమందు సంగతి ఇంకా చిత్రం. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదంది. మనుషులకూ పశువులకూ ముప్పన్నారు, కాదని నేననను. కానీ ఎవరీ ఆపరేటర్లు? మాకు తెలిసినంతవరకు టౌనులో అపార్ట్‌మెంట్లకు చెదలమందు, బొద్దింకల మందు కొట్టేవాళ్లు. మా గట్ల మీద తుంగ చంపడానికి వాళ్లు వస్తారా? కలుపుకు కూలీలు దొరకనివాడు గడ్డిమందు మానలేదు, బిల్లు అడగడం మానేశాడు. బిల్లు లేని డబ్బాలో ఏముందో అమ్మేవాడికీ తెలీదు. ముప్పు తగ్గించబోయి పెంచడమంటే ఇదే.

మనిషిని మందుకు దూరంగా నిలబెట్టే పనిముట్టు డ్రోను. దాన్ని నడపడానికి 2021 రూల్స్ ప్రకారం పదో తరగతి పాసవ్వాలి, శిక్షణ పొందాలి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గాల్లో ఎగిరేది కాబట్టి ఉండాల్సిందే. బడి మానేసి పంపు ఎత్తుకున్న మా కుర్రాళ్లకు మాత్రం ఆ తలుపు మూసుకున్నట్టే.

కోతలప్పుడు ఇంకో తంటా. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది ఆడకూలీలు చనిపోయారు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదన్న రూలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పొద్దున్నే తండా నుంచి చేలకు బస్సు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోలీసులు ఆపుతారు, చలానా రాస్తారు, ట్రాలీ అలాగే ముందుకు పోతుంది.

మనిషి పోతే ఇంటివాళ్లకు ఏమొస్తుందని అడిగేవాళ్లకు రైతుబీమా చూపిస్తారు. 2018 నుంచి ఉంది, ఐదు లక్షలు. పట్టాపుస్తకం ఉండాలి. నా చేలో మందు ఎక్కువ కొట్టేది ట్యాంకు లెక్కన డబ్బు తీసుకునే కుర్రాడు. అతనికి సెంటు భూమి లేదు. రైతు వేదికకు పిలుపొచ్చింది నాకు, సంతకం పెట్టింది నేను, కోటు ఎలా తొడుక్కోవాలో చూసి వచ్చింది నేను. ఆ పూట అతను వేరేవాళ్ల చేలో పంపు మోస్తున్నాడు.