తీర్పు చెప్పడం తెలిసిన సభ

చట్టసభలు రాసుకున్న వాక్యాల్లో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే వాక్యం 1951 సెప్టెంబరులో మన తాత్కాలిక పార్లమెంటు ఆమోదించిన ఒక తీర్మానంలో ఉంది. సభ్యుడు హెచ్.జి. ముద్గల్ ప్రవర్తన సభ గౌరవానికి భంగకరమనీ, తన సభ్యుల నుంచి పార్లమెంటు ఆశించదగ్గ ప్రమాణాలకు తగనిదనీ కమిటీ తేల్చిన విషయాన్ని సభ అంగీకరించింది. ఆయన బహిష్కరణకు తగినవాడే అని నిర్ణయించింది. అక్కడితో ఆగలేదు. ఆయన ఇచ్చిన రాజీనామా లేఖలోని మాటలు సభా ధిక్కారం కిందికి వస్తాయనీ, వాటితో ఆయన తప్పు ఇంకా బరువెక్కిందనీ చేర్చింది. ఒక్క వాక్యంలో మూడు అడుగులు. ఏ ఒక్కటి తీసేసినా మిగతావి ఒరిగిపోతాయి.

ముద్గల్ బొంబాయి కాంగ్రెస్ సభ్యుడు. యవ్వనంలో అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లోని హార్లెంలో మార్కస్ గార్వీ స్థాపించిన ‘నీగ్రో వరల్డ్’ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన మనిషి. చదువూ లోకజ్ఞానమూ ఉన్నవాడు. ఆయన మీద వచ్చిన ఆరోపణ ఇదీ: బంగారం, వెండి వర్తకుల సంఘమైన బొంబాయి బులియన్ అసోసియేషన్ నుంచి డబ్బు, వ్యాపార లాభాలు పొంది, వాళ్ల తరఫున పార్లమెంటులో పని నడిపాడని. సభలో ప్రశ్నలు వేయడం, ఫార్వర్డ్ కాంట్రాక్టుల బిల్లుకు సవరణలు ప్రతిపాదించడం, వర్తకులకు మంత్రులతో ముఖాముఖి ఏర్పాటు చేయడం ఆ పనులు. బయటి కంటికి ఇవన్నీ సభ్యుడు రోజూ చేసే పనులే. వాటి వెనక కూలి ఉందా లేదా అన్నదే తేలాలి.

ఈ వ్యవహారాన్ని కప్పిపుచ్చడం చాలా తేలిక. సార్వత్రిక ఎన్నికలు నెలల దూరంలో ఉన్నాయి, సభ ఆయుష్షే ముగింపుకొచ్చింది. నిందితుడు అధికార పక్షం మనిషి. ఆ పక్షానికి ఎదురులేని బలం ఉంది. పార్టీ కార్యాలయంలో నాలుగు గోడల మధ్య మందలించి పంపించేస్తే అడిగేవాడు లేడు. అయినా ప్రధాని నెహ్రూయే కమిటీ వేయాలని తీర్మానం ప్రతిపాదించాడు. 1951 జూన్ 8న కమిటీ ఏర్పడింది.

కమిటీకి అప్పగించిన ప్రశ్నను ఎలా కూర్చారో చూడండి. లంచం తీసుకోవడం శిక్షాస్మృతి ప్రకారం నేరమవుతుందా అని అడగలేదు. సభ హక్కులకు భంగం కలిగిందా అన్న పాత బ్రిటిష్ చర్చలోకీ దింపలేదు. ప్రవర్తన సభ గౌరవాన్ని తగ్గించేలా ఉందా, సభ్యుల నుంచి పార్లమెంటు ఆశించే ప్రమాణానికి అది తగనిదా అని అడిగారు. నేర విచారణ కోర్టు పని, దానికి వేరే సాక్ష్య నియమాలున్నాయి. తనతో కలిసి కూర్చోవడానికి ఒక మనిషి తగునా అన్నది సభ మాత్రమే తేల్చుకోవాల్సిన విషయం. ఈ రెంటినీ విడదీసి చూడటంలోనే సగం పని అయిపోయింది. తర్వాతి కాలంలో ఇలాంటి ప్రతి వివాదంలోనూ ‘కోర్టులో రుజువు కాలేదుగా’ అనే వాదన వినిపిస్తూనే ఉంది. దానికి జవాబు ఆ 1951 ప్రశ్నలోనే ఉంది.

కమిటీకి టి.టి. కృష్ణమాచారి అధ్యక్షుడు. ప్రభుత్వాన్ని నిలదీసే ఆర్థికవేత్తగా పేరున్న ప్రొఫెసర్ కె.టి. షా, బెంగాల్ శాసనసభకు స్పీకరుగా పనిచేసిన సయ్యద్ నౌషేర్ అలీ సభ్యులు. మిగతా ఇద్దరూ మనవాళ్లే. ఒకరు హైదరాబాదు నుంచి కాశీనాథరావు వైద్య, మరుసటి ఏడాదే హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు స్పీకరయ్యారు. రెండోవారు రాజమండ్రి ఆడపడుచు, మద్రాసు హైకోర్టు న్యాయవాది జి. దుర్గాబాయి, తర్వాత దేశమంతా దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ఎరిగిన ఆమె. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూను ఆపేసిన పిల్ల ఆమే. నియమం నియమమే అన్న ఆ పట్టుదల, నెహ్రూ కోరిన ఈ విచారణకు సరిగ్గా కావలసిన గుణం. కాంగ్రెస్‌వాళ్లనే కూర్చోబెట్టకుండా షా లాంటి వ్యక్తిని చేర్చడం నాకు ముఖ్యమైన విషయంగా కనిపిస్తుంది. నివేదిక పక్షం చీటీ అయిపోకుండా అది కాపాడింది. కృష్ణమాచారి సంగతీ ఇక్కడ చెప్పాలి. 1958లో ముంద్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టిన పెట్టుబడుల వ్యవహారంలో ఛాగ్లా కమిషన్ నివేదిక తర్వాత ఆయనే ఆర్థికమంత్రి పదవి వదులుకున్నారు. ఇంకొకరికి కొలిచిన కొలత తనకూ వర్తించింది, ఆయన దానికి తలవంచారు.

విచారణలో ముద్గల్‌కు వకీలును పెట్టుకునే వీలిచ్చారు. సాక్షులను పిలిపించుకోవడానికీ, తన వైపు ఆధారాలు చూపడానికీ అవకాశం ఇచ్చారు. నివేదిక సభకు వచ్చాక సెప్టెంబరు 24, 25 తేదీల్లో జరిగిన చర్చలో ఆయన కూడా లేచి మాట్లాడాడు. తనను వెళ్లగొట్టబోయే సభే తన మాట చివరిదాకా విన్నది. బహిష్కరించాలన్న తీర్మానం పెట్టిన నెహ్రూ వాదన సూటిగా ఉంది: ఇది రెండభిప్రాయాలకు తావున్న కేసు కాదు, వాస్తవాలు స్పష్టంగా ఉన్నప్పుడు నిర్ణయమూ స్పష్టంగానే ఉండాలి, ఇలాంటిది సభ ముందుకు మొదటిసారి వచ్చినప్పుడే గట్టిగా పలకకపోతే ప్రజల మనసులో సందేహం మిగులుతుంది.

ఇక్కడే చిక్కు పడింది. ఓటింగుకు ముందే ముద్గల్ తన రాజీనామాను డిప్యూటీ స్పీకరు చేతికిచ్చాడు. ఆ డిప్యూటీ స్పీకరు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. అప్పటి రాజ్యాంగం ప్రకారం రాజీనామా రాసి ఇస్తే చాలు, సీటు ఖాళీ అయినట్టే. స్పీకరు దాన్ని పరిశీలించి ఆమోదించాలన్న నియమం 1974లో 33వ సవరణతో గానీ రాలేదు. సభ్యుడే కానివాణ్ణి సభ నుంచి బహిష్కరించడం కుదరదు. రెండు చెడ్డ దారులు మిగిలాయి. ఆయన వెళ్లిపోయాడు కదా అని తీర్మానాన్ని వదిలేయడం ఒకటి, చట్టాన్ని పట్టించుకోకుండా పాత తీర్మానాన్నే ఆమోదించడం రెండోది. సభ రెంటినీ కాదని తీర్మానాన్ని తిరగరాసింది. బహిష్కరిస్తున్నామని అనలేదు, బహిష్కరణకు తగినవాడని అన్నది. తనకు లేని అధికారాన్ని వాడలేదు, తనకున్న తీర్పును వదులుకోలేదు. తప్పించుకునే దారిగా వాడిన లేఖనే నేరపట్టికలో చేర్చింది. వేళ మించిపోతుండగా, ఉద్వేగం నిండిన సభలో, ఇంత కొలిచి రాయగలగడం అసాధారణం.

తర్వాతి కాలంలో ఇదే పని ఎలా చేశారో పక్కన పెట్టుకుంటే దీని విలువ ఇంకా తెలుస్తుంది. 2005 డిసెంబరు 12న ‘ఆపరేషన్ దుర్యోధన’ పేరిట టీవీలో ఎంపీలు ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుంటున్న దృశ్యాలు వచ్చాయి. పవన్ కుమార్ బన్సల్ కమిటీ నివేదిక మీద లోక్‌సభ పదిమందినీ, తన నైతికతా కమిటీ నివేదిక మీద రాజ్యసభ ఒకరినీ డిసెంబరు 23న పంపించేశాయి. ప్రసారానికీ బహిష్కరణకూ మధ్య పదకొండు రోజులు. తప్పు కళ్లముందున్నదే, అయినా విషయాన్ని హక్కుల కమిటీకి పంపాలని బన్సల్ కమిటీలోనే విజయ్ కుమార్ మల్హోత్రా విభేదించారు. 2007 జనవరి 10న సుప్రీంకోర్టు నలుగురు ఒక వైపు, ఒకరు ఇంకో వైపుగా బహిష్కరణ అధికారాన్ని నిలబెట్టింది. అనర్హతలన్నీ రాజ్యాంగమే చెప్పింది, సభకు ఇంకొకటి చేర్చే అధికారం లేదని విభేదించిన జస్టిస్ రవీంద్రన్ మాట కూడా తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఓటరు పంపిన మనిషిని తోటి సభ్యులు వెనక్కి పంపడమంటే ఎంత జాగ్రత్త కావాలో ఆ మాట గుర్తుచేస్తుంది. 2023 డిసెంబరు 8న, ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న లోక్‌సభ సభ్యురాలు మహువా మొయిత్రా విషయంలో నివేదిక సభ ముందుకు రావడం, చర్చ, బహిష్కరణ ఒక్కరోజులోనే ముగిశాయి. ఆమెకు సభలో మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆరోపణ నిజమా కాదా అన్నది అటుంచితే, పద్ధతిలో 1951 కంటే అది వెనక్కి వేసిన అడుగే అని నా అభిప్రాయం.

మన ఇంటి దగ్గర మరీ తొందర. 2018 మార్చి 12న తెలంగాణలో గవర్నరు ప్రసంగం సమయంలో విసిరిన హెడ్‌ఫోన్ తగిలి మండలి చైర్మన్ స్వామిగౌడ్ కంటికి గాయమైందన్నారు. మర్నాడే ఇద్దరు శాసనసభ్యులు, కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్, బహిష్కరణకు గురయ్యారు. ఏప్రిల్ 17న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వాళ్ల మాట వినలేదన్నది అందులో ముఖ్య కారణం. సభ అవమానం నిజమే కావచ్చు. వినకుండా వేసిన శిక్ష ఆ అవమానాన్ని తీర్చలేకపోయింది, పైగా శిక్ష పడాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నా వాళ్లకు మేలు చేసింది.

ముద్గల్ వ్యవహారం నుంచి నియమాలు పుట్టవలసినంత పుట్టలేదన్నది నా బాధ. 1951 సభకు సభ్యుల ప్రవర్తనా నియమావళి లేదు, పూర్వోదాహరణ లేదు, నైతికతా కమిటీ లేదు. అయినా విచారణ పరిధిని కట్టుదిట్టంగా రాసుకుంది, పక్షానికి బయటివాణ్ణి కమిటీలో కూర్చోబెట్టింది, నిందితుడికి వకీలును పెట్టుకునే వీలిచ్చింది, చివరి గంటలో పడ్డ చిక్కును చట్టం దాటకుండా విప్పింది. ఈ రోజు అమరావతిలోనూ హైదరాబాదులోనూ సభా నియమాలు రాసేవారూ, సభ్యుల మీద ఫిర్యాదులు విచారించేవారూ కమిటీ గదిలోకి అడుగుపెట్టే ముందు ఆ నివేదికనూ, ఆ రెండు రోజుల చర్చనూ తెప్పించుకుని చదవాలి. పార్లమెంటు గ్రంథాలయంలో అవి ఉన్నాయి.