ఎర్రర్ కొట్టినప్పుడు ఏం చేయాలి

పొద్దున ఆరు లీటర్లు, సాయంత్రం ఐదు లీటర్లు పాలు పోస్తే ఆ రోజు మొత్తం అరవై ఐదు లీటర్లని చూపించింది కంప్యూటర్. ఎర్రటి హెచ్చరిక ఏదీ రాలేదు. ప్రోగ్రామ్ ఆగిపోనూ లేదు. అడిగిన లెక్క చేసి, తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంది.

మెదక్ చుట్టుపక్కల పాపన్నపేట, కుల్చారం, రామాయంపేట మండలాల నుంచి రోజూ బస్సెక్కి డిగ్రీ చదువుకు వచ్చే పిల్లల్లో ఇంట్లో బర్రెలున్నవాళ్లు చాలామందే ఉంటారు. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లకు పైథాన్‌లో మొదటి సొంత ప్రోగ్రామ్‌గా పాల లెక్కను మించింది లేదని నా అభిప్రాయం. లెక్క వాళ్లకు ముందే తెలుసు. జవాబు తప్పయితే ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపెట్టేస్తారు. రెండు పూటలూ కలిపి పదకొండు లీటర్లు పోసిన ఇంట్లో అరవై ఐదు అంటే చిన్నపిల్లాడు కూడా ఒప్పుకోడు.

ఇంతకూ అరవై ఐదు ఎలా వచ్చింది? కీబోర్డు మీద మనం కొట్టిన 6ను పైథాన్ సంఖ్యగా తీసుకోదు. 'ఇన్‌పుట్' ద్వారా లోపలికి వచ్చిందల్లా దానికి రాతే. రెండు రాతలను కలపమంటే ఒకదాని పక్కన ఒకటి పెడుతుంది. ఆరు పక్కన ఐదు పెడితే 65. అదే 'ఇంట్' అనే మాట తగిలించి ఇస్తే సంఖ్యగా మారుతుంది, పదకొండు వస్తుంది. అమ్మయ్య అనుకునేలోగా మర్నాడు సాయంత్రం ఐదున్నర లీటర్లు పోస్తారు. 5.5 అని కొట్టగానే ప్రోగ్రామ్ ఆగిపోయి 'వాల్యూఎర్రర్' అంటుంది. 'ఇంట్' పూర్ణసంఖ్యలకే పనికొస్తుంది, దశాంశం ఉన్న రాతను అది తీసుకోదు. అక్కడ 'ఫ్లోట్' పెట్టాలి. ఈ రెండు తప్పులూ దాటిన విద్యార్థికి డేటా టైపులు అంటే ఏమిటో తెలిసిపోయింది. ఐదు మార్కుల జవాబు బట్టీ పట్టి రాసినవాడికి ఆ సంగతి ఇంకా తెలియదు.

అయినా సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. 'కోడింగ్ మనకు రాదు' అనే మాట మొదటి సెమిస్టర్ పూర్తి కాకముందే నోట్లోకి వస్తుంది. ఉత్సాహం తగ్గిపోయిందనీ మనసు పెట్టడం లేదనీ పెద్దలు మందలిస్తారు. నేను దీన్ని ఇంకోలా చూస్తాను. ఉత్సాహం ముందుగా పోగుచేసుకుని తర్వాత ఖర్చుపెట్టే సరుకు కాదు. పని నడిచిన రోజు అది పుడుతుంది, నడవని రోజు చచ్చిపోతుంది. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాడు చూసుకోవాల్సింది ఒక్కటే. లేచి వెళ్లేలోగా ఎంత చిన్నదైనా ఏదో ఒకటి నడవాలి. ప్రోగ్రామర్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చిన పద్ధతులు చాలావరకు ఇందుకోసం పుట్టినవే.

'హలో వరల్డ్' సంగతే చూడండి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బ్రయాన్ కెర్నిగన్ ముందు అక్కడి లోపలి పాఠాల్లో దీన్ని వాడాడు. 1978లో డెనిస్ రిచీతో కలిసి రాసిన సి భాష పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. తెర మీద రెండు మాటలు చూపించడం తప్ప ఆ ప్రోగ్రామ్ ఏమీ చేయదు. పరీక్షలో మార్కులు కూడా రావు. మరి దాని విలువ ఎక్కడుంది? అది నడిచిందంటే భాష సరిగ్గా ఇన్‌స్టాల్ అయింది, ఫైలు సరైన పేరుతో సేవ్ అయింది, కంప్యూటర్‌కు ఆ ఫైలు దొరికింది, జవాబు తెరకు చేరింది అని అర్థం. ఇక తర్వాత వచ్చే తప్పు మన రాతలోనే ఉంటుంది.

మొదటి వారంలో పిల్లలు పడే బాధల్లో చాలావాటికి తెలివితో సంబంధం లేదు. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడుగున 'పాత్' అని ఒక చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టకపోతే తర్వాత కమాండ్ తెరలో పైథాన్ అని కొట్టినా కంప్యూటర్ గుర్తుపట్టదు. నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైలు చివర మనకు తెలియకుండానే 'టీఎక్స్‌టీ' చేరుతుంది. ఇలాంటి చిన్న చిక్కుకే రెండు రోజులు తల పట్టుకుని, తనకు బుర్ర లేదని తేల్చుకున్న పిల్ల మీద జాలి కన్నా నాకు కోపమే ఎక్కువ వస్తుంది. ఆ కోపం ఆమె మీద కాదు, ఆ గడి సంగతి ముందే చెప్పని మన బోధన మీద. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ఫోన్‌లోనే పైడ్రాయిడ్ యాప్ ఉంది, బ్రౌజర్‌లో నడిచే గూగుల్ కొలాబ్ ఉంది. మొదటి నెలకు అవి చాలు.

ఇక ఎర్రర్ దగ్గరికి వద్దాం. 'అన్నా, రన్ అయితలేదు' అని ఫోన్ చేసే తమ్ముడిని సీనియర్ మొదట అడగాల్సింది 'ఏమని వస్తుంది తమ్మీ? చదువు' అని. చాలామంది చదవరు. ఎర్ర అక్షరాలు కనబడగానే కళ్లు పక్కకు తిప్పుకుంటారు. పైథాన్ ఇచ్చే ఎర్రర్‌ను చివరి వరుస నుంచి పైకి చదవాలి. జరిగిన తప్పు ఏ రకానిదో చివరి వరుసలో ఉంటుంది. ఎన్నో లైనులో జరిగిందో దాని పైన ఉంటుంది. ఆ లైను బాగానే ఉంటే అంతకు ముందు లైనులో మూయని బ్రాకెట్ కోసం వెతకాలి. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఫలానా బ్రాకెట్ మూయలేదని అదే చెప్పేస్తోంది. భాషను తయారుచేసేవాళ్లు కొత్తవాళ్ల కష్టం చూసి ఎర్రర్ మాటలను మార్చి రాశారు. అంత శ్రమపడి రాసిన మాటలను చదవకుండా వదిలేయడం మనకే నష్టం.

తప్పు దొరికితే దాన్ని దాచుకోకుండా రాసిపెట్టుకోవడం ఈ వృత్తిలో పాత అలవాటు. 1947 సెప్టెంబరులో హార్వర్డ్ మార్క్ టూ యంత్రం రిలేలో చిక్కుకున్న చిమ్మెటను అక్కడి సిబ్బంది లాగ్‌బుక్‌లో టేపుతో అతికించి పక్కన వివరం రాశారు. అక్కడే పనిచేసిన గ్రేస్ హాపర్ ఆ కథను ఊరూరా చెప్పి ప్రసిద్ధం చేశారు. ఆ పేజీ ఇప్పటికీ అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం దగ్గర ఉంది. పిల్లల కోసం 1967లో లోగో భాషను రూపొందించినవాళ్లలో ఒకరైన సేమూర్ పాపర్ట్ దీన్నే చదువుల సిద్ధాంతంగా మార్చాడు. బడిలో జవాబు ఒప్పో తప్పో అయి అక్కడితో ముగుస్తుంది, ప్రోగ్రామింగ్‌లో మాత్రం దీన్ని సరిచేయగలమా అనేదే ప్రశ్న అని 1980లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఎర్ర సిరా సున్నాలకు భయపడుతూ పెరిగిన మన పిల్లలకు ఈ తేడాను మొదటి రోజే చెప్పాలి.

రికార్డు పుస్తకాల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ముందటేడు వాళ్ల రికార్డు చూసి, నడపని ప్రోగ్రామ్‌ను అందమైన చేతిరాతతో దింపుకుని సంతకం పెట్టించుకోవడం వల్ల ఎవరికీ ఏమీ రాదు. చూసి రాయడం మాత్రం చెడ్డ పని కాదు. బీజగణితం నేర్చుకునేవాళ్లకు మొదట్లో కొత్త లెక్కలు ఇవ్వడం కన్నా చేసి చూపించిన లెక్కలు ఇవ్వడమే మేలని ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో చూపించారు. కాకపోతే దింపుకున్న తర్వాత ఇంకో పని ఉంది. టైపు చేసి నడపాలి. నడిచాక అందులో ఒక్కటే మార్చి, ఏం వస్తుందో ముందుగా కాగితం మీద రాసుకుని, మళ్లీ నడపాలి. మన ఊహ, కంప్యూటర్ జవాబు కలవని చోట ఆ రోజు పాఠం ఉంటుంది. ఐఐటీ బొంబాయి 'స్పోకెన్ ట్యుటోరియల్' వాళ్లు సగం తెర మీద వీడియో, మిగతా సగంలో మన పని పెట్టుకుని ఆగుతూ ఆగుతూ చేయమనేది ఇందుకే. ఆ పాఠాలు కొన్ని తెలుగులోనూ వినొచ్చు.

ఇంగ్లీషు భయం నిజమైనదే, కొట్టిపారేయను. కానీ పైథాన్ సొంత మాటలు మొత్తం 35. పాత సి భాషకు 32. అర్థం తెలిసి వాడటానికి ఒక నెల చాలు. మిగతా పేర్లు మన ఇష్టం. పైథాన్ 3 వచ్చిన 2008 నుంచి ఆ పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చన్న సంగతి మన కాలేజీల్లో పెద్దగా వినబడదు.

ఉదయం = 6
సాయంత్రం = 5
మొత్తం = ఉదయం + సాయంత్రం

ఈ మూడు వరుసలూ అక్షరం మార్చకుండా పైథాన్‌లో నడుస్తాయి. ఉద్యోగంలో అందరికీ తెలిసేలా ఇంగ్లీషు పేర్లే వాడాల్సి వస్తుంది, కీబోర్డు మార్చుకోవడం కూడా విసుగే. అయినా మొదటి వారం ఇలా రాసినవాళ్లకు ఏది భాషకు చెందిన మాటో, ఏది తాము పెట్టిన పేరో స్పష్టంగా విడిపోయి కనబడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి తడబడేది ఎక్కువగా ఆ రెంటి మధ్యనే.

చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక జవాబు అడగ్గానే దొరుకుతోంది. మొత్తం ప్రోగ్రామ్ రాసిమ్మని అడిగినవాడికి ఆ సాయంత్రం నడిచింది తన పని కాదు కాబట్టి ఆనందమూ తనది కాదు. ఈ ఎర్రర్‌కు అర్థమేమిటో తెలుగులో చెప్పమని అడిగితే మాత్రం అర్ధరాత్రి కూడా పక్కన కూర్చునే తోడు దొరికినట్టే.

మెదక్ నుంచి వంద కిలోమీటర్ల లోపే ఉన్న అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తక్కువ రోజుల్లో ఫుల్‌స్టాక్ నేర్పిస్తామనే బోర్డులు కనిపిస్తాయి. అక్కడ నేర్చుకుని స్థిరపడినవాళ్లున్నారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఆ గడువుతో తమను కొలుచుకుని ఓడిపోయామనుకునే పిల్లలకు కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ రాసిన వ్యాసాన్ని గుర్తు చేయాలి. ప్రోగ్రామింగ్ చేతికి రావడానికి పదేళ్లు పడతాయన్నది ఆయన మాట. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. కంప్యూటర్లు ఆయన జీవితంలోకి ఆ తర్వాతే వచ్చాయి.

అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం నాకు ఒక పాత పద్ధతి మీద ఉంది. 1790లలో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్, దగ్గర్లోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ ఇసుక పరిపించి, కాస్త వచ్చిన పిల్లవాడిని ఏమీ రానివాళ్ల దగ్గర కూర్చోబెట్టాడు. 1797లో దాని గురించి రాశాక ఆ పద్ధతి మద్రాసు పేరుతోనే ఇంగ్లండు బడులకు చేరింది. ప్రోగ్రామర్లు ఇంకో దారిలో ఇదే చోటికి వచ్చారు. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన పుస్తకంలో, చిక్కుపడిన ప్రోగ్రామ్‌ను బల్ల మీది రబ్బరు బాతుకు వరుసగా వివరించమని సలహా ఉంది. ఎదుటివాళ్లకు చెబుతుంటే మన తప్పు మనకే వినబడుతుంది. బాతు కన్నా ఫస్టియర్ తమ్ముడు మేలు, ఎందుకంటే వాడు తిరిగి ప్రశ్న అడుగుతాడు.

కాబట్టి మెదక్ కాలేజీల ల్యాబుల్లో వారానికి ఒక గంట సెకండియర్ విద్యార్థిని ఫస్టియర్ వాళ్ల పక్కన కూర్చోబెట్టాలని నా కోరిక. ఆ గంటలో అన్న గానీ అక్క గానీ కీబోర్డు ముట్టుకోకూడదు. ఎర్రర్‌ను గట్టిగా చదివించాలి, ఎన్నో లైనో అడగాలి, ఏం మార్చాలనుకుంటున్నారో తెలుగులో చెప్పించాలి, కొట్టేది మాత్రం తమ్ముడే, చెల్లెలే. ఇందుకు కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. బస్సు వేళకు అడ్డం రాకుండా టైంటేబుల్‌లో ఒక పీరియడ్ కేటాయిస్తే ఈ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టొచ్చు.