కాంట్రాక్టు సేద్యంలో మా వాటా ఎంత?

చిన్న రైతు బతుకు బాగుపడాలంటే కాంట్రాక్టు సేద్యమే దారి అని పాతికేళ్లకు పైగా మనకు చెబుతూ వచ్చారు. ప్రభుత్వాలు చెప్పాయి, ప్రపంచ బ్యాంకు చెప్పింది, విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్రజ్ఞులూ చెప్పారు. కంపెనీ విత్తనమిస్తుంది, ఎరువులిస్తుంది, సలహా చెబుతుంది, ముందే అనుకున్న ధరకు పంట కొంటుంది, మధ్యలో దళారీ పోతాడు, రైతు నాలుగు డబ్బులు చూస్తాడు. ఇదీ వాదన. ఎదురు వాదన కూడా పాతదే. కంపెనీలు భూములు మింగుతాయి, రైతు తన పొలంలోనే కూలీ అవుతాడు అని వామపక్షాలూ రైతు సంఘాలూ అంటున్నాయి. రెండింటినీ మేము శ్రద్ధగా చదివాం. రెండింటిలోనూ ‘రైతు’ ఒక్కడే. అతనికి కులం లేదు. పొలం ఎవరి పేరున ఉంది, అందులో నడుం వంచేది ఎవరు అని రెండు పక్షాలూ అడగలేదు. మా విమర్శ అక్కడే మొదలవుతుంది.

చీటీలో లేని పేరు

మాకు తెలిసిన చోటు నుంచే మాట్లాడతాం. గూడూరు, సైదాపురం, బాలాయపల్లి, వెంకటగిరి, రాపూరు, పొదలకూరు, ఇదంతా నిమ్మతోటల సీమ. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన కేంద్రం కూడా ఉంది. గూడూరు మార్కెట్టు నుంచి కాయ మద్రాసుకూ ఢిల్లీకీ పోతుంది. ఎండాకాలం బస్తా ధర పైకి లేస్తుంది. వానలు పడి చలి మొదలైతే కోత కూలి కూడా గిట్టని రోజులొస్తాయి. ఈ ఎగుడుదిగుళ్లు చూసి, ఏ కంపెనీ అయినా వచ్చి ఒక ధర రాసిస్తే బాగుండును అనేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ల బాధ నిజమే.

అయితే ఇక్కడ ఒప్పందాలు లేనిదెప్పుడు? మండీ వ్యాపారి తోట రైతుకు ముందుగా డబ్బిస్తాడు. తీసుకున్నవాడు కాయ ఆ మండీకే వేయాలి. కొందరు తోటనే గుత్తకిస్తారు. కాపలాకు యానాది కుటుంబాన్ని పెట్టుకుని వాళ్ల చేతిలో కొంత అడ్వాన్సు పెడతారు. అది తీరేదాకా ఆ కుటుంబం తోట దాటి పోలేదు. కోతకు మాలవాడ, మాదిగవాడ ఆడవాళ్లను పిలుస్తారు. ఇవన్నీ ఒప్పందాలే. ఒకరి చేతిలో డబ్బు, ఇంకొకరి మెడ మీద బాకీ.

ఇన్ని ఒప్పందాల్లో కాగితం మీదికి ఎక్కేది మార్కెట్టు చీటీ. రైతు పేరు, బస్తాలు, ధర, కమిషను అందులో ఉంటాయి. ముళ్లకొమ్మల్లో చెయ్యి పెట్టి కాయ దించిన ఆమె పేరు ఏ చీటీలోనూ ఉండదు. మా అమ్మల తరం ఈ తోటల్లోనే పనిచేసింది. ఏ సంవత్సరం కాయ ఏ ధర పలికిందో వాళ్లకు నోటికి వచ్చు. ఆ ధరకూ తమ కూలికీ ఎప్పుడూ సంబంధం లేదని కూడా వాళ్లకు తెలుసు.

కాబట్టి కాంట్రాక్టు సేద్యం గూడూరుకు వస్తే ఖాళీ నేల మీదికి రాదు. ఈ పాత ఒప్పందాల మీదికి వస్తుంది. వాటిని తెంపుతుందా, వాటి మీదే నడుస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

సంతకం పెట్టే అర్హత ఎవరికుంది?

2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు కులాల వాటా 22 శాతం పైనే. గూడూరు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. గూడూరు శాసనసభ స్థానం మాకు రిజర్వు అయింది. సీటు రిజర్వు అయింది గాని నేల కాలేదు. దేశం మొత్తం మీద చూస్తే జనాభాలో మేము 16 శాతం పైన ఉన్నాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో మా చేతిలో ఉన్నవి 12 శాతానికి దగ్గర, విస్తీర్ణంలో 9 శాతం లోపు.

కంపెనీతో ఒప్పందం రాసుకోవాలంటే చూపించడానికి పట్టాదారు పాసుపుస్తకం ఉండాలి, బోరు ఉండాలి, పంట డబ్బు పడటానికి బ్యాంకు ఖాతా ఉండాలి. కౌలుకు చేసే దళితుడికి మొదటిదే లేదు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వడానికి చట్టం తెచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలన్నారు. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని పెట్టనివాళ్లే ఎక్కువ. హక్కు ఎవరి మీద కావాలో, ఆయన దయతోనే దాన్ని తెచ్చుకోమన్నారు.

డి.కె.టి. పట్టాలున్న దళితుల సంగతి ఇంకొక రకం. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్నీ కౌలునూ నిషేధించింది. ఆ నిషేధం కాగితం మీద ఉండగానే భూములు చేతులు మారాయి. 2006లో కోనేరు రంగారావు కమిటీ ఈ పరాధీనం గురించి వివరంగా చెప్పింది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంటు భూములకు అమ్ముకునే హక్కు వచ్చింది. దీన్ని మా వాళ్లలో కొందరు స్వాగతించారు. పెట్టుబడీ నీళ్లూ లేనివాడి చేతికి అమ్ముకునే హక్కు ఇస్తే అతను ఏం చేస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు.

కేంద్రం 2020లో చేసిన కాంట్రాక్టు సేద్యపు చట్టం 2021 నవంబరులో రద్దయింది. ఆ చట్టం మీద ఎన్నో పుస్తకాలూ కరపత్రాలూ వచ్చాయి. అందులో పాలుకు చేసేవాడి గురించి ఒక వాక్యం ఉంది. రైతు చేసుకునే ఒప్పందం పాలుదారు హక్కులకు భంగం కలిగించరాదని దాని సారాంశం. చూడటానికి బాగుంది. కానీ హక్కు ఎక్కడా నమోదు కానివాడికి భంగం ఎలా రుజువవుతుంది? తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోవడానికి లేదు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరికే పోవాలన్నారు. ఇక కూలి సంగతికి ఆ చట్టంలో ఒక అధ్యాయం కూడా లేదు.

‘చిన్న రైతు దృష్టి’ – కూలీ దృష్టి

చిన్న కమతాల సమస్య మీద 1918లోనే అంబేడ్కర్ వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది దానికదే సమస్య కాదనీ, దాని మీద పెట్టే పెట్టుబడి, పరికరాలు, దాన్ని నమ్ముకున్న జనం ఎంత అన్నది చూడాలనీ ఆయన వాదించారు. వ్యవసాయం మీద పడి ఉన్న జనానికి పరిశ్రమల్లో పని చూపకుండా కమతాలను సరిచేయలేమన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పండితులు కమతం వైపే చూస్తున్నారు, దాని మీద ఆధారపడ్డ మనుషుల వైపు చూడటం లేదు.

1990ల చివర చిత్తూరు జిల్లా కుప్పంలో జరిగింది గుర్తు చేసుకుందాం. చిన్న చిన్న కమతాల గట్లు చెరిపి, ఒకే చెక్కగా చేసి, ఇజ్రాయెల్ పద్ధతిలో డ్రిప్పు గొట్టాలు పరిచి ప్రదర్శన క్షేత్రం పెట్టారు. 1999లో వచ్చిన ‘విజన్ 2020’ పత్రం వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలంది. ఆ తగ్గే ముప్ఫై శాతం ఎవరు, ఎక్కడికి పోవాలి అన్నది చెప్పలేదు. అంబేడ్కర్ పరిశ్రమ ముందు అన్నారు. వీళ్లు పొమ్మనడం ముందు అన్నారు.

అదే కాలంలో గెర్కిన్ పంట వచ్చింది. వేలెడంత దోసకాయ. సీసాల్లో ఊరవేసి విదేశాలకు పంపుతారు. మన ఇళ్లలో ఎవరూ తినరు, సంతలో ఎవరూ కొనరు. కంపెనీ తిరగ్గొడితే దిక్కులేదు. కాయ ఎంత చిన్నదైతే ధర అంత ఎక్కువ. ఒక్క రోజు కోత తప్పితే ముదిరి ధర పడిపోతుంది. రోజూ తెల్లారేసరికి ఆడవాళ్లు వంగి కొయ్యాల్సిందే.

2005లో ఎస్. మహేంద్రదేవ్, ఎన్. చంద్రశేఖరరావు ఆయిల్‌పామ్, గెర్కిన్ పంటల మీద ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్యాసం రాశారు. చిన్న రైతు దృష్టి నుంచి అని శీర్షికలోనే చెప్పుకున్నారు. అది బాధ్యతగా చేసిన పని, దాన్ని తీసిపారేయం. మేము అడిగేది మరొకటి. కూలీ దృష్టి నుంచి ఎవరు రాస్తారు? ఈ పంటలకు పనిదినాలు పెరుగుతాయి కదా, అదే కూలీలకు మేలు అని సమర్థకులు అంటారు. పెరుగుతాయి, కాదనం. కానీ కాయ ధర ఒప్పందంలో రాస్తారు, కూలి ధర రాయరు. దాన్ని ఊళ్లో కులబలం, అప్పుల బలం కలిసి తేలుస్తాయి.

విత్తనపత్తి చెప్పిన నిజం

మాటలు చాలవంటే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర విత్తనపత్తి చేలకు పోదాం. కాంట్రాక్టు సేద్యం మన తెలుగు నేల మీద పెద్దయెత్తున నడిచిన చోటు అది. దావులూరి వెంకటేశ్వర్లు 1990ల చివరి నుంచీ చేసిన అధ్యయనాలు ఆ గుట్టు విప్పాయి. ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి పుప్పొడి భాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున్నే వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. నెలల తరబడి సాగే ఈ పని చేసింది చాలావరకు బడి ఈడు ఆడపిల్లలు. ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల పిల్లలే.

గొలుసు ఎలా ఉందో చూడండి. కంపెనీ ఆర్గనైజరుతో ఒప్పందం చేసుకుంటుంది. ఆర్గనైజరు రైతుతో చేసుకుంటాడు. రైతు పిల్ల తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇస్తాడు. దళారీ పోతాడన్నారు కదా, ఆర్గనైజరు పేరుతో మళ్లీ వచ్చాడు. కంపెనీ కొనుగోలు ధర బిగించినకొద్దీ రైతు కూలి బిగించాడు. అందరికంటే చవగ్గా దొరికేది మా ఆడపిల్ల. కంపెనీని అడిగితే మాకు రైతుతోనే సంబంధం, పిల్లలతో కాదు అనడానికి వీలుంది. ఒప్పందంలో ఆ పిల్ల లేదు గదా!

కూలీల సంగతి వేరే చట్టాలు చూసుకుంటాయని మిత్రులు అంటుంటారు. కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది, వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఈ రెండూ ఉండగానే విత్తనపత్తి చేలల్లో ఇది జరిగింది. పరిశోధకులు, బాలల హక్కుల సంఘాలు కంపెనీల పేర్లు పెట్టి నిలదీశాక, పిల్లల్ని పనికి పెట్టుకోని రైతుకు అదనపు ధర ఇచ్చే షరతును కొన్ని కంపెనీలు చేర్చాయి. దాంతో అంతా బాగుపడిందని కాదు. కూలి మనిషి ప్రస్తావన ఒప్పందంలోకి తేవడం సాధ్యమేనని మాత్రం రుజువైంది. వీల్లేదు అనే మాట ఇక ఎవరూ అనడానికి లేదు.

తోతాపురి దెబ్బ

మాకు ఎదురుగా పెట్టగల గట్టి ఉదాహరణ ఒకటుంది, దాన్ని మేమే చెబుతాం. చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కోసమే పెరిగిన పంట. 2025లో ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలనీ, తాము 4 రూపాయలు కలుపుతామనీ ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ 8 రూపాయలైనా సరిగా అందడం లేదని రైతులు రోడ్డెక్కారు. రాతపూర్వకమైన ఒప్పందం ముందే ఉంటే ఇలా జరిగేదా అని సమర్థకులు అడగొచ్చు. ఆ ప్రశ్న న్యాయమైందే. ఎకరం రెండెకరాల మామిడి ఉన్న దళిత రైతుకు కూడా రాసిన ధర అవసరమే. అందుకే మేము కాంట్రాక్టు అనే మాట వినగానే తలుపు మూసేవాళ్లం కాదు.

కానీ ఆ వేసవిలో ధర కోసం జరిగిన గొడవంతా తోట ఉన్నవాడి చుట్టే తిరిగింది. కాయ కోయకుండా చెట్టుకే వదిలేస్తే కోసేవాళ్లు, మోసేవాళ్లు, లారీకెత్తేవాళ్లు పోగొట్టుకున్న పని రోజులను ఎవరు లెక్క కట్టారు? కిలోకు 4 రూపాయల సాయంలో వాళ్లకు పైసా వాటా అయినా ఎవరు అడిగారు? రైతు సంఘాలు కూడా అడగలేదు.

మేము కోరేది

1947లో ‘రాష్ట్రాలు – మైనారిటీలు’ పత్రంలో అంబేడ్కర్ భూమి రాజ్యం చేతిలో ఉండాలనీ, కులమతాల తేడా లేకుండా ఊరివాళ్లకు సాగుకివ్వాలనీ, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అన్న మూడు రకాల మనుషులే ఉండకూడదనీ ప్రతిపాదించారు. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’లో చిన్న రైతులు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు, ‘విజన్ 2020’ని విచారించి కాంట్రాక్టు సేద్యాన్ని వద్దన్నారు. జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు బీడు భూములు కలిసి కౌలుకు తీసుకుని చిరుధాన్యాలు పండించి చూపాయి. మా దారి అటే.

అంతదాకా, కంపెనీలు వస్తున్నాయి గనుక, ఇప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సాగుచేసేవాడే ఒప్పందంలో పక్షం కావాలి. దానికి యజమాని సంతకం అడ్డం రాకూడదు. పంట ధర రాసిన కాగితం మీదే కోత కూలి, పని గంటలు రాయాలి. ధర పెరిగితే కూలి పెరగాలి. కూలి ఎగ్గొడితే రైతుతో పాటు కంపెనీ కూడా జవాబు చెప్పాలి. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టేస్తే ఒప్పందం రద్దు కావాలి. అసైన్డ్ భూమిని ఏ ఒప్పందం కిందా తాకట్టు పెట్టకూడదు. పనిచేసే ఆడవాళ్ల పేర్లు రిజిస్టరులో ఉండాలి.

ఇవి పెద్ద కోరికలేమీ కావు. కంపెనీ, రైతు, బ్యాంకు ముగ్గురూ కాగితం రాసుకునేటప్పుడు నాలుగో మనిషికి కూడా ఒక వరస కేటాయించమంటున్నాం. అలా రాయడానికి ఒప్పుకోని కాంట్రాక్టు చిన్న రైతు బతుకు బాగుచేస్తానంటే, ఆ బాగు ఎవరి నడుం మీద కడుతున్నారో అడిగే హక్కు మాకుంది. గూడూరు మార్కెట్టులో చీటీ రాసే చోట కూడా అడుగుతాం, విశ్వవిద్యాలయం సెమినార్లలో కూడా అడుగుతాం.